ఖాళీ ఫోల్డర్ల ఏరివేత: ఒక ఫోటో స్టూడియో సర్వర్ డైరీ

ఆషాఢం, ఆదివారం

ఆషాఢంలో ముహూర్తాలుండవు. తెనాలిలో మా బావగారి ఫోటో స్టూడియో సర్వర్ మీద చెయ్యి వేయాలంటే ఇదే అదను. శ్రావణం వచ్చిందంటే మళ్లీ కార్డులు, కాపీలు, టెన్షన్. సర్వర్ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఓ మూల పాత డెస్క్‌టాప్, అందులో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం), రెండు పెద్ద డిస్కులు, వాటి మీద ఈఎక్స్‌టీ4 (డిస్కు మీద ఫైళ్లని అమర్చే లినక్స్ పద్ధతి, అంటే ఫైల్ సిస్టమ్), పైన సాంబా షేర్ (ఆ ఫోల్డర్లని నెట్‌వర్క్ మీద మిగతా సిస్టమ్‌లకి చూపించేది). ఎడిటింగ్ కుర్రాళ్ల విండోస్ సిస్టమ్‌లు, ఒక మ్యాక్‌బుక్ దానికే కనెక్ట్ అయి ఉంటాయి.

బావగారి ఫిర్యాదు ఒకటే. "ఏ ఆర్డర్ తెరిచినా ఖాళీ ఫోల్డర్లే. అసలు ఫోటోలు ఎందులో ఉన్నాయో పది క్లిక్కులు కొడితే గానీ తెలియట్లేదు. ఏదో ఒకటి చెయ్యవయ్యా."

ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయంటే, టెంప్లేట్ నుంచి. కొత్త ఆర్డర్ రాగానే ఒక నమూనా ఫోల్డర్‌ని కాపీ చేసి దానికి పార్టీ పేరు పెడతారు. అందులో పెళ్లికూతురు, పెళ్లికొడుకు, స్నాతకం, ఎదురుకోలు, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, వ్రతం, రిసెప్షన్ అని వరసగా ఉంటాయి. ఒక్కోదాని కింద రా (కెమెరా ఇచ్చే ముడి ఫోటోలకి), జేపెగ్, వీడియో. ఇవిగాక సెలక్షన్, ఆల్బమ్, ఫైనల్. స్నాతకం అందరి ఇళ్లలో ఉండదు. వ్రతం కొందరు ఫోటోగ్రాఫర్‌ని పిలవకుండానే కానిచ్చేస్తారు. రిసెప్షన్ అబ్బాయి వాళ్ల ఊళ్లో వేరే స్టూడియోకి పోతుంది. ఫోటోలు రాని ప్రతి ఘట్టానికీ ఒక ఖాళీ ఫోల్డర్, దాని కడుపులో మళ్లీ మూడు ఖాళీ ఫోల్డర్లు.

పని మొదలుపెట్టే ముందు ఒక లెక్క చూసుకున్నాను. ఈఎక్స్‌టీ4లో ఖాళీ ఫోల్డర్ కూడా కనీసం ఒక బ్లాకు పట్టుకుంటుంది, మామూలుగా 4096 బైట్లు. అలాంటివి పది వేలున్నా మొత్తం 40 ఎంబీ. ఇప్పటి కెమెరాల్లో అది ఒకటి రెండు రా ఫోటోల సైజు. కాబట్టి ఇది డిస్కులో చోటు మిగిల్చే పని కాదు, మనుషుల వెతుకులాట తగ్గించే పని. ఈ తేడా ముందే మనసులో పెట్టుకోవడం మంచిదైంది. చోటు కోసమైతే దొరికిందల్లా తీసేయాలనిపిస్తుంది. వెతుకులాట కోసమైతే ఎవరు దేనికోసం వెతుకుతున్నారని అడగాలి.

(కమాండ్లని ఇక్కడ మనం ఫోన్లో ఒకరికొకరం చెప్పుకునేట్టే రాస్తున్నాను: ఫైండ్, మైనస్ ఎంప్టీ, ఆ తీరులో.)

అదే సాయంత్రం

లినక్స్‌లో ఫైళ్లనీ ఫోల్డర్లనీ వెతికిపెట్టే కమాండ్ ఫైండ్. మైనస్ టైప్ డి అంటే ఫోల్డర్లు మాత్రమే, మైనస్ ఎంప్టీ అంటే ఖాళీవి, మైనస్ డిలీట్ అంటే తుడిచెయ్యమని. నిజానికి ఇది ఒక్క లైన్ పని. ఫైండ్, ఫోల్డర్ దారి, మైనస్ టైప్ డి, మైనస్ ఎంప్టీ, మైనస్ డిలీట్. అంతే. మైనస్ డిలీట్ పెడితే ఫైండ్ తనంతట తానే లోపలి నుంచి బయటికి వస్తుంది, అంటే పిల్ల ఫోల్డర్లు ముందు, తల్లి ఫోల్డర్ తర్వాత. లోపలి రా, జేపెగ్, వీడియో పోగానే పైన ఉన్న స్నాతకం కూడా ఖాళీ అవుతుంది, అదీ అదే ఊపులో పోతుంది.

చిక్కల్లా వరసలో ఉంది. ఫైండ్ తన షరతుల్ని ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. మైనస్ డిలీట్‌ని మిగతా రెండు షరతుల కంటే ముందు రాస్తే, ఫోల్డరో ఫైలో, ఖాళీయో కాదో చూడక ముందే తుడిచేస్తుంది. ఫైళ్లతో సహా, అక్కడి నుంచి కిందికి మొత్తం. మాన్యువల్ పేజీలో ఈ హెచ్చరిక విడిగా రాసి మరీ పెట్టారు. టెంప్ కింద నాలుగు ఫోల్డర్లు, రెండు ఫైళ్లు చేసి చూశాను. నిజంగానే ఏమీ మిగల్లేదు. రెండు మాటలు అటూ ఇటూ అయితే పెళ్లి ఆల్బమ్ పోయే కమాండ్‌ని స్టూడియోలో ఎవరి చేతిలోనూ పెట్టను. రేపు నేను ఊళ్లో లేనప్పుడు ఎవరో ఒకరు దాన్ని జ్ఞాపకం మీద టైప్ చేస్తారు.

ఇంకో ఇబ్బంది. కొన్ని ఫోల్డర్ల జోలికి పోవద్దని మైనస్ ప్రూన్‌తో చెబుదామంటే, మైనస్ డిలీట్ పక్కన అది పనిచేయదు. ప్రూన్ అంటే లోపలికి వెళ్లకు అని. డిలీట్ ఉన్నప్పుడు ఫైండ్ ముందే లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.

అందుకని తుడిచే పని మటుకు ఆర్‌ఎమ్‌డిర్‌కి, అంటే ఖాళీ ఫోల్డర్‌ని మాత్రమే తీసే కమాండ్‌కి, వదిలేస్తున్నాను. దాని గుణం నాకు నచ్చుతుంది: ఫోల్డర్‌లో ఒక్క ఫైలున్నా ససేమిరా అంటుంది. ఆ మాట అనేది నేను రాసే స్క్రిప్ట్ కాదు, కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. స్క్రిప్ట్ ఖాళీ అని చూసిన క్షణానికీ తీసేసే క్షణానికీ మధ్య ఎవరైనా ఒక ఫోటో కాపీ చేసి పడేసినా, తీసే క్షణంలో కెర్నల్ మళ్లీ చూసుకుంటుంది. లినక్స్‌లో అయితే ఎర్రర్ నంబర్ 39 ఇస్తుంది, ఫోల్డర్ ఖాళీగా లేదని. లినక్స్‌కి పూర్వీకురాలైన యూనిక్స్‌కి మొదట్లో ఈ సౌకర్యం లేదు. 1979 నాటి ఏడో వెర్షన్‌లో ఫోల్డర్ చేయడానికీ తీయడానికీ సిస్టమ్ కాల్ (ప్రోగ్రాము నేరుగా కెర్నల్‌ని అడిగే పని) అంటూ లేదు. రూట్ (సిస్టమ్ మీద సర్వాధికారాలున్న యూజర్) అధికారంతో నడిచే చిన్న ప్రోగ్రాములు లింకుల్ని ముక్కలు ముక్కలుగా కలిపి, విడదీసి ఆ పని చేసేవి. మధ్యలో ఆగితే సగం ఫోల్డర్. 1983లో 4.2బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్ ఎమ్‌కెడిర్ (ఫోల్డర్ చేసేది), ఆర్‌ఎమ్‌డిర్‌లని సిస్టమ్ కాల్స్‌గా తెచ్చాక ఆ బెడద పోయింది.

సోమవారం

ఇవాళ ఏదీ తీయలేదు, లిస్ట్ మాత్రం తీశాను. ఫైండ్‌తో ఖాళీ ఫోల్డర్లన్నీ ఒక ఫైల్లోకి. పేర్లలో స్పేసులు, కామాలు, తెలుగు అక్షరాలు అన్నీ ఉన్నాయి కాబట్టి పేరుకీ పేరుకీ మధ్య కొత్త లైన్ కాకుండా నల్ బైట్ (విలువ సున్నా ఉన్న బైట్) వచ్చేలా మైనస్ ప్రింట్ 0 పెట్టాను. ఫైల్ పేరులో ఉండకూడనివి రెండే: స్లాష్, నల్. కొత్త లైన్ కూడా పేరులో ఉండొచ్చు. వాట్సాప్ నుంచి పేరు కాపీ చేసి అతికించే కుర్రాళ్లున్న చోట ఇది ఊహ కాదు.

టీ తాగుతూ లిస్ట్ చదవడం మొదలుపెట్టాను. స్నాతకం, స్నాతకం, వ్రతం, రిసెప్షన్... అనుకున్నవే. కానీ మధ్య మధ్యలో ఇవి తగిలాయి:

"అడ్వాన్స్ 10 వేలు ఇచ్చారు"

"వీడియో కట్ చేయొద్దు మామగారు చూడాలి"

"ఈ పార్టీకి పెన్‌డ్రైవ్ ఇవ్వలేదు"

"డ్రోన్ షాట్స్ రాజమండ్రి వాళ్ల దగ్గర"

ఇవన్నీ ఖాళీ ఫోల్డర్లే. లోపల ఏమీ లేదు. విషయమంతా పేరులోనే ఉంది. విండోస్‌లో రైట్ క్లిక్ చేసి న్యూ ఫోల్డర్ కొడితే వెంటనే పేరు టైప్ చేయొచ్చు. నోట్‌ప్యాడ్ తెరవక్కర్లేదు, సేవ్ చేయక్కర్లేదు. ఆర్డర్ తెరవగానే ఎవరికైనా కళ్ల ముందే కనబడుతుంది. స్టూడియోలో వీటిని నోటీసు బోర్డులాగా వాడుకుంటున్నారు. ఆ ఒక్క లైన్ కమాండ్ గనక నడిపి ఉంటే రాజమండ్రి డ్రోన్ సంగతి, మామగారి సంగతి అన్నీ గంగలో కలిసేవి. ఫైండ్ దృష్టిలో స్నాతకానికీ వీటికీ తేడా లేదు.

కుర్రాళ్లలో ఒకడు టెక్స్ట్ ఫైల్‌తో కూడా ఇదే పని చేస్తాడు. సున్నా బైట్ల ఫైలు, పేరులో సమాచారం. కాబట్టి సున్నా సైజు ఫైళ్లని చెత్త కింద లెక్కకట్టే ఆలోచన అక్కడికక్కడే మానుకున్నాను.

రాత్రి, బావగారితో

లిస్ట్ చూపిస్తే నవ్వారు. తర్వాత నేననుకోని మాట చెప్పారు.

"సెలక్షన్ ఫోల్డర్ మాత్రం తియ్యకు."

"అది కూడా ఖాళీయే కదా బావా?"

"ఖాళీగా ఉందంటే పార్టీ ఇంకా ఫోటోలు ఏరివ్వలేదని. నేను రోజూ పొద్దున చూసుకునేది అదే. ఫోల్డర్ అసలు లేకపోతే ఏరివ్వలేదో, ఎవడన్నా తీసేశాడో నాకెట్లా తెలుస్తుంది? ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

ఒకే పేరు, ఒకే ఖాళీ. కానీ నడుస్తున్న ఆర్డర్‌లో అది బాకీ, అయిపోయిన ఆర్డర్‌లో చెత్త. ఇది డిస్క్ చూసి ఏ స్క్రిప్టూ కనిపెట్టలేదు. అదృష్టం కొద్దీ స్టూడియోలో ఒక అలవాటుంది: డబ్బు మొత్తం ముట్టి, ఆల్బమ్ ఇచ్చేశాక ఆర్డర్‌ని "డెలివరీ అయినవి" అనే ఫోల్డర్‌లోకి జరుపుతారు. స్క్రిప్ట్ దాని లోపల తప్ప ఎక్కడా తిరగకూడదని తీర్మానం. నడుస్తున్న ఆర్డర్లలో ఖాళీలు కనిపిస్తే కనిపించనీ. బావగారికి అసలు చిరాకు పాతవాటితోనే. రీప్రింట్ కోసం అయిదారేళ్ల నాటి పెళ్లి వెతకాల్సి వచ్చినప్పుడు.

మంగళవారం

నిన్నటి లిస్ట్‌తో రూల్ తిరగబడింది. మొదట అనుకున్నది: ఖాళీవన్నీ తీసేయి, ఫలానావి తప్ప. ఇప్పుడు: ఏదీ తీయకు, టెంప్లేట్ పుట్టించినవి తప్ప. టెంప్లేట్‌లో ఉన్న పేర్ల జాబితా ఒక ఫైల్లో ఉంటుంది. ఫోల్డర్ ఖాళీగా ఉండి, దాని పేరు ఆ జాబితాలో ఉంటేనే తీసివేతకి అర్హత. ఖాళీగా ఉండి పేరు తెలియనిది అయితే "చూడాల్సినవి" అనే ఇంకో లిస్ట్‌లోకి. దాన్ని మనిషే చూస్తాడు, స్క్రిప్ట్ ముట్టుకోదు.

మినహాయింపుల జాబితా రాయడం మొదలుపెడితే దానికి అంతుండదు. కొత్త రకం ఖాళీ ఎప్పుడూ ఒకటి పుట్టుకొస్తూనే ఉంటుంది. ఉదాహరణకి కార్డ్ డంప్. సోనీ వీడియో కార్డుని ఉన్నదున్నట్టు కాపీ చేస్తే ప్రైవేట్ అనే ఫోల్డర్, దాంట్లో ఎమ్4రూట్, దాంట్లో క్లిప్, సబ్, జనరల్ వగైరా వస్తాయి. ప్రాక్సీ రికార్డింగ్ (అసలు వీడియోతోపాటు చిన్న సైజు కాపీ తీయడం) ఆఫ్‌లో ఉంటే సబ్ ఖాళీ. ఆ నిర్మాణాన్ని కదపకుండా ఉంచడం వీడియో ఎడిటర్ల అలవాటు, అది మంచి అలవాటు కూడా. కొత్త రూల్‌తో సబ్ అనే పేరు మన జాబితాలో లేదు కాబట్టి దాని గురించి ఆలోచించాల్సిన పనే లేదు. ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ ప్రివ్యూల ఫోల్డర్లదీ అదే కథ.

బుధవారం, దాక్కున్న ఫైళ్లు

కొన్ని స్నాతకాలు లిస్ట్‌లోకే రాలేదు. విండోస్‌లో తెరిస్తే ఖాళీ, ఫైండ్‌ని అడిగితే ఖాళీ కాదు. లోపల చూస్తే థంబ్స్ డాట్ డీబీ. ఇంకో చోట డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ. మ్యాక్‌బుక్ తిరిగిన చోటల్లా డాట్ డీఎస్ స్టోర్, దానితోపాటు చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైళ్లు.

మొదటి మూడింటిలో మనం పుట్టించిన సమాచారం ఏమీ ఉండదు. బొమ్మల ప్రివ్యూలు, ఫోల్డర్ ఐకాన్ సెట్టింగ్, కిటికీలో ఏది ఎక్కడ పెట్టారనే గుర్తు, అంతే. నియమం ఇలా పెట్టుకున్నాను: ఫోల్డర్‌లో ఈ మూడు తప్ప ఇంకేమీ లేకపోతే, పేరు కూడా జాబితాలో ఉంటే, ముందు వాటిని తీసి తర్వాత ఆర్‌ఎమ్‌డిర్. ఒక్క ఫోటో ఉన్నా థంబ్స్ డాట్ డీబీని కూడా కదపను. తుడవడం మొదలుపెట్టాక చెత్త ఫైళ్లని ఊరంతా తిరిగి ఏరాలనిపిస్తుంది. ఆ పని వేరు, ఈ స్క్రిప్ట్ వేరు.

చుక్క అండర్‌స్కోర్ ఫైళ్లు వేరే రకం. ఫైల్‌తోపాటు మ్యాక్ దాచుకునే అదనపు వివరాలు వాటిలో ఉంటాయి. అసలు ఫైల్ పక్కనే ఉండాలి. పక్కన అసలు ఫైల్ లేకుండా అది ఒక్కటే మిగిలి ఉంటే "చూడాల్సినవి" లిస్ట్‌కే పంపుతున్నాను.

గురువారం, పైథాన్

ఇన్ని షరతులు బాష్‌లో (లినక్స్ కమాండ్లనే వరసగా రాసే పద్ధతిలో) రాస్తే ఆర్నెల్ల తర్వాత నాకే అర్థం కాదు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకి మారాను.

ఇలాంటి పనికి అందరూ పట్టుకునేది ఓఎస్ డాట్ వాక్, టాప్‌డౌన్ ఫాల్స్. కింది నుంచి పైకి నడుస్తుంది, ప్రతి ఫోల్డర్ దగ్గరా లోపలి ఫోల్డర్ల లిస్ట్, ఫైళ్ల లిస్ట్ చేతిలో పెడుతుంది. రెండూ ఖాళీ అయితే తీసేయడమే కదా అనిపిస్తుంది. ఆ లిస్ట్ ఎప్పటిదో చూడాలి. అది లోపలికి దిగక ముందు తీసుకున్నది. రా, జేపెగ్, వీడియో మూడూ తీసేసి పైకొచ్చాక కూడా స్నాతకం దగ్గర లిస్ట్‌లో ఆ మూడు పేర్లూ అలాగే కనిపిస్తాయి. స్నాతకం మిగిలిపోతుంది. స్క్రిప్ట్‌ని మళ్లీ మళ్లీ నడిపితే ఒక్కోసారి ఒక్కో అంతస్తు పోతుంది. నెట్‌లో దొరికే చాలా స్క్రిప్టుల్లో వైల్ లూప్ ఎందుకుంటుందో దీంతో తెలిసింది. మందు సులువే: ఆ లిస్ట్‌ని నమ్మకుండా, పైకొచ్చాక ఫోల్డర్‌ని మళ్లీ ఒకసారి స్కాన్ చేయడం.

ట్రయల్ కోసం డెలివరీ అయినవి మొత్తాన్ని కాపీ చేయాలంటే డిస్క్ సరిపోదు. కాపీ చేసే కమాండ్ సీపీకి మైనస్ ఏఎల్ పెడితే ఆ బాధ లేదు. ఫోల్డర్లు కొత్తగా పుడతాయి, ఫైళ్లకి మాత్రం హార్డ్ లింకులు (అదే ఫైల్‌కి రెండో పేరు లాంటివి) పడతాయి. టెరాబైట్ల ఫోటోలున్నా అదనంగా పట్టేది ఫోల్డర్లకి కావాల్సిన చోటే. కాపీలో థంబ్స్ డాట్ డీబీని తీసేసినా అసలు చోట అది అలాగే ఉంటుంది, పోయింది ఒక లింక్ మాత్రమే. అయితే రెండూ ఒకే ఫైల్ సిస్టమ్ మీద ఉండాలి. ఆ కాపీలో ఏ ఫైల్‌నీ తెరిచి మార్చకూడదు కూడా, మారిస్తే అసలుదీ మారుతుంది. తీసివేతల ట్రయల్‌కి మాత్రం ఇంతకంటే చవకైన పద్ధతి నాకు తెలియదు.

కాపీ మీద నడిపాను. ఫోల్డర్లు పోవాల్సినవి పోయాయి, ఉండాల్సినవి ఉన్నాయి. కానీ విండోస్‌లో తెరిచి డేట్ మోడిఫైడ్ మీద సార్ట్ చేస్తే 2016 పెళ్లీ, 2021 పెళ్లీ పక్కపక్కనే, రెండింటికీ ఇవాళ్టి తేదీ. లోపలి నుంచి ఒక ఫోల్డర్ తీస్తే బయటి ఫోల్డర్ తేదీ మారుతుంది, ఫైల్ సిస్టమ్ నియమమే అది. బావగారు పాత ఆర్డర్లు వెతికేది తేదీ వరసలోనే. వెతుకులాట తగ్గిద్దామని మొదలుపెట్టిన పని ఇలా ముగిస్తే ఆయన నన్ను గుమ్మం తొక్కనివ్వరు. తీసే ముందు తల్లి ఫోల్డర్ తేదీని నానోసెకన్లతో సహా రాసుకుని, తీశాక యూటైమ్‌తో (తేదీలు మార్చే పైథాన్ ఫంక్షన్) వెనక్కి పెట్టే రెండు లైన్లు కలిపాను.

దీనివల్ల ఇంకో లాభం. కొత్తగా పుట్టిన ఖాళీ ఫోల్డర్ని వెంటనే తీయకుండా నెల గడువు పెట్టాలని ముందే అనుకున్నాను, ఎవరైనా కాపీకి సిద్ధం చేసుకుంటూ ఉండొచ్చు కాబట్టి. పిల్ల ఫోల్డర్ తీయగానే తల్లి తేదీ ఇవాళ్టికి మారితే, ఆ గడువు లెక్కలో తల్లి కొత్తదైపోతుంది, ఇంకో నెల ఆగాలి. పాత తేదీ వెనక్కి పెట్టడంతో అదీ తీరింది.

శుక్రవారం, ఫైనల్ గొడవ

"చూడాల్సినవి" లిస్ట్‌లో ఫైనల్ అనే పేరు కొన్ని చోట్ల కనిపించింది. ఫైనల్ టెంప్లేట్ జాబితాలో ఉంది. స్క్రిప్ట్ లేదంటోంది. కళ్లకి రెండూ ఒకటే. కాపీ చేసి పక్కపక్కన అతికించినా ఒకటే.

హెక్స్‌లో, అంటే పేరు వెనకున్న బైట్ల అంకెల్లో, చూస్తే బయటపడింది. జాబితాలోని ఫైనల్‌లో ఫ తర్వాత ఐత్వం ఒకే గుర్తు: ఈ0 బీ1 88. మొండికేస్తున్న ఫైనల్‌లో అదే చోట రెండు గుర్తులు: ఈ0 బీ1 86, ఈ0 బీ1 96. అంటే ఎత్వం, దాని కింద ఐత్వపు తోక. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని రెండు రకాలుగానూ రాయొచ్చు, రెండూ సమానమేనని ప్రమాణమే చెబుతుంది. మ్యాక్ పాత ఫైల్ సిస్టమ్ హెచ్ఎఫ్ఎస్ ప్లస్ పేర్లని విడగొట్టే దాచుకుంటుంది. లినక్స్ బైట్లని చూస్తుంది తప్ప అక్షరాల్ని చూడదు. ఎడిటింగ్ చేసే అబ్బాయి తన మ్యాక్ ఎక్స్‌టర్నల్ డిస్క్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాముతో తెచ్చినవన్నీ విడిపోయిన ఐత్వంతో దిగాయి.

వైజాగ్ రిసెప్షన్ అనే ఫోల్డర్ ఒకే ఆర్డర్‌లో రెండుసార్లు ఎందుకుందో కూడా దీంతో తేలిపోయింది. "ఇదేంటి బాబూ, ఒకే చోట ఒకే పేరుతో రెండు ఎట్లా ఉంటాయి, వైరస్సా?" అని బావగారు ఎప్పుడో అడిగారట. ఒకటి మ్యాక్ వై, ఇంకోటి విండోస్ వై. ఎవరో ఫోటోలన్నీ ఒకదాంట్లోకి లాగేశారు, రెండోది ఖాళీగా మిగిలింది.

పేర్లు పోల్చే ముందు రెండు వైపులా యూనికోడ్‌డేటా నార్మలైజ్, ఎన్ఎఫ్‌సీ (విడిపోయిన గుర్తుల్ని ఒకే గుర్తుగా కలిపే పద్ధతి) పెట్టాను. దాంతో మ్యాక్ పేర్లు దారికొచ్చాయి, కానీ రిసెప్షన్ ఒకటి ఇంకా మిగిలింది. దాని చివర ఈ2 80 8సీ. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు వేసే కనిపించని గుర్తు, జీరో విడ్త్ నాన్ జాయినర్. దాన్ని ఎన్ఎఫ్‌సీ తీయదు. పోల్చేటప్పుడు మాత్రం దాన్ని తీసేసి చూడమని చెప్పాను. డిస్క్ మీద పేరు మార్చలేదు, పోలిక వరకే. తెలుగులో ఫైళ్ల పేర్లు పెట్టుకునేవాళ్లు ఏ స్క్రిప్ట్ రాసినా ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే టెస్ట్ చేసేవాళ్లకి ఇవి ఎప్పటికీ తగలవు.

మరో సంగతి దీని పక్కనే ఉంది. ఈఎక్స్‌టీ4లో పేరుకి పరిమితి 255 బైట్లు, అక్షరాలు కాదు. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే 85 గుర్తులు. ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొస్తాయి కాబట్టి అది అనుకున్నంత పొడుగేమీ కాదు. "మామగారు చూడాలి" తరహా ఫోల్డర్ మూడింతలు సాగితే సాంబా ఒప్పుకోదు.

శనివారం

లాగ్ సంగతి. ఖాళీ ఫోల్డర్‌కి బ్యాకప్ తీసుకోవడం ఎంత తేలికంటే, దాని దారి, అనుమతులు, ఓనర్, తేదీ రాసుకుంటే అదే పూర్తి బ్యాకప్. లోపల పోవడానికి ఏమీ లేదు. తీసే ప్రతి ఫోల్డర్‌కీ ఈ నాలుగూ లాగ్‌లో పడతాయి. వెనక్కి తెచ్చే స్క్రిప్ట్ ఆ లాగ్‌ని చదివి, పైనుంచి కిందికి ఫోల్డర్లు చేసి, తేదీలు మాత్రం కింది నుంచి పైకి పెడుతుంది. తేదీల వరస తిరగబడితే లోపలి ఫోల్డర్ చేసినప్పుడల్లా బయటిది మళ్లీ మారిపోతుంది. ట్రయల్ కాపీ మీద తీసి, తెచ్చి, ముందూ వెనకా ఫైండ్ లిస్టులని డిఫ్ (తేడాలు చూపే కమాండ్) కొట్టాను. చెత్త ఫైళ్లు తప్ప తేడా లేదు.

స్క్రిప్ట్‌ని ఊరికే నడిపితే ఏమీ తీయదు, తీయబోయేవి చూపిస్తుంది. నిజంగా తీయాలంటే చివర "తీసెయ్" అని తెలుగులోనే టైప్ చేయాలి. కీబోర్డ్ మార్చుకోవాల్సి రావడం కావాలనే పెట్టాను. పొరపాటున ఎంటర్ నొక్కేవాడు పొరపాటున కీబోర్డ్ మార్చడు.

క్రాన్‌లో (టైముకి తనంతట తానే పని నడిపే ఏర్పాటు) పెట్టమంటారా అని కుర్రాళ్లు అడిగారు. లిస్ట్ తీసే పని వరకు క్రాన్‌లో పెట్టాను. తీసే పని పెట్టలేదు, పెట్టను. ఏడాదికోసారి ఆషాఢంలో చేస్తే చాలే పని ఇది.

నా లాప్‌టాప్ మీద కూడా ఒకసారి లిస్ట్ మోడ్‌లో నడిపి చూశాను, సరదాకి. జాబితా షరతు తీసేసి చూస్తే, గిట్ (ప్రోగ్రాముల మార్పుల చరిత్ర దాచే సాఫ్ట్‌వేర్) రిపాజిటరీల్లోని, అంటే అది దాచే ప్రాజెక్టుల్లోని, డాట్ గిట్ కింద బోలెడు ఖాళీలు. వాటిని తీస్తే ఏమవుతుందో టెంప్‌లో కొత్త రిపో పెట్టి చూశాను. గిట్ జీసీ (గిట్ సొంత సర్దుబాటు కమాండ్) నడిపాక బ్రాంచులన్నీ ప్యాక్డ్ రెఫ్స్ అనే ఒక్క ఫైల్లోకి వెళ్లిపోతాయి. రెఫ్స్ కింద హెడ్స్, ట్యాగ్స్ రెండూ ఖాళీ. ఒక్క లైన్ ఫైండ్ వాటిని తీసి, దాంతో ఖాళీ అయిన రెఫ్స్‌ని కూడా తీసేసింది. అంతే, ఇది గిట్ రిపాజిటరీయే కాదు పొమ్మంది గిట్. ఒక్క బైట్ డేటా పోలేదు. రెఫ్స్ అనే ఖాళీ ఫోల్డర్ మళ్లీ చేసి పెడితే అన్నీ తిరిగొచ్చాయి. మెయిల్‌డిర్ పద్ధతిలో మెయిల్ దాచే సర్వర్లలో కర్, న్యూ, టెంప్ అనే మూడు ఫోల్డర్లున్నట్టే. టెంప్ ఎప్పుడూ దాదాపు ఖాళీగానే ఉంటుంది, అది అక్కడ ఉంటుందన్న నమ్మకం మీదే కొత్త మెయిల్ దిగుతుంది. గిట్ తను మాత్రం మన ప్రాజెక్టులోని ఖాళీ ఫోల్డర్లని దాచదు, ఫైళ్లనే దాస్తుంది. అందుకే జనం గిట్‌కీప్ అనే ఉత్త ఫైల్ ఒకటి పడేస్తుంటారు.

తర్వాతి వారం

అసలు సర్వర్ మీద నడిపాను. బావగారు పక్కన కూర్చున్నారు. ముందు "చూడాల్సినవి" లిస్ట్ ప్రింట్ తీసి ఇచ్చాను, పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ పోయారు. పెన్‌డ్రైవ్ ఇవ్వలేదన్న పార్టీ దగ్గర ఆగి, ఫోన్ తీసి ఎవరికో చేశారు. మిగతాది స్క్రిప్ట్ చూసుకుంది. రెండు మూడు చోట్ల అనుమతి లేదని ఎర్రర్ 13 వచ్చింది, ఎప్పుడో రూట్‌తో కాపీ చేసినవి. వాటిని వదిలేసి ముందుకెళ్లమనే రాశాను కాబట్టి ఆగలేదు.

ఎడిటింగ్ సిస్టమ్‌లలో డీ డ్రైవ్ మిగిలింది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పాత చిట్కా ఒకటుంది: డిర్‌తో ఫోల్డర్ల పూర్తి దారులు తీసి, సార్ట్ స్లాష్ ఆర్‌తో తిరగేసి, ఒక్కోదానికీ ఆర్‌డీ కొట్టడం. పిల్ల ఫోల్డర్ దారి తల్లి దారితోనే మొదలవుతుంది కాబట్టి తిరగేస్తే పిల్లలే ముందొస్తారు. ఆర్‌డీకి స్లాష్ ఎస్ ఇవ్వకపోతే ఖాళీ కానిదాన్ని ముట్టదు. ఆలోచన ముచ్చటగా ఉంది గానీ తెలుగు పేర్ల దగ్గర కోడ్ పేజీ (విండోస్ పాత అక్షరాల పట్టిక) వల్ల అక్షరాలు ప్రశ్నార్థకాలైపోతాయి, ఆర్‌డీకి ఆ ఫోల్డర్ దొరకదు. అదే పైథాన్ స్క్రిప్ట్ అక్కడా నడుస్తోంది, దారి మార్చాను అంతే. పవర్‌షెల్‌లో రాయాలనుకునేవాళ్లకి ఒక మాట: గెట్ చైల్డ్ ఐటమ్‌కి ఫోర్స్ ఇవ్వకపోతే హిడెన్ ఫైళ్లు కనిపించవు, అవున్న ఫోల్డర్‌ని ఖాళీ అనుకుంటుంది.

ఇక మిగిలింది టెంప్లేట్. ఖాళీలు పుట్టేది అక్కడ. ముప్పై పైచిలుకు ఫోల్డర్ల నమూనా తీసేసి సెలక్షన్, ఆల్బమ్, ఫైనల్ మూడే ఉంచి, మిగతా ఘట్టాలు కార్డు కాపీ చేసేటప్పుడు పుట్టేలా చిన్న మెనూ చేద్దామన్నాను. రా, జేపెగ్, వీడియో ముందే పుట్టక్కర్లేదని ఒప్పుకున్నారు. ఘట్టాల దగ్గర మాత్రం బావగారు తల అడ్డంగా ఊపారు. కొత్తగా చేరిన కుర్రాడికి ఏ ఘట్టం తర్వాత ఏది వస్తుందో ఆ ఫోల్డర్ల వరసే నేర్పుతోందట. ఎదురుకోలు ఖాళీగా కనిపిస్తే, అయ్యో తీయలేదే అని మండపంలోనే గుర్తొస్తుందట. ఘట్టాలు ఉంటాయి, కింద మూడేసి ఉండవు, అక్కడ రాజీ పడ్డాం. స్నాతకం టెంప్లేట్‌లో ఉండాలా, అడిగిన పార్టీకే పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు.